తవిటయ్య జీపు, బంగారమ్మ పిల్లి

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒకే ఒక్క జీపు. ఊరి పేరు గెడ్డవలస. జీపు తవిటయ్యది.

తవిటయ్య అంటే నవ్వకు బుజ్జమ్మా. వాళ్ళమ్మకి అతని ముందు పుట్టిన బిడ్డలిద్దరూ బతకలేదు. అందుకని ఇతను పుట్టగానే చాటలో పడుకోబెట్టి పక్కింటావిడకి ఇచ్చేసింది. ఆ తర్వాత చాటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. అలా కొనుక్కుంటే బిడ్డ నిలుస్తాడని మా వైపు నమ్మకం. నిలిచాడు. అందుకే తవిటయ్య.

ఆ రోజు బిడ్డని తీసుకుని తవుడికి ఇచ్చేసిన పక్కింటావిడ పేరు బంగారమ్మ. ఆమెకి పిల్లల్లేరు. మొగుడు కూడా చాలా ఏళ్ళ కిందటే పోయాడు. ఇంట్లో ఉన్నదల్లా ఒక పిల్లి. తెల్లటి పిల్లి, నుదుటి మీద నల్లమచ్చ. పేరు చుక్క. బంగారమ్మ రోజంతా ఆ పిల్లితోనే మాట్లాడేది. ఇవాళ చారులో ఉప్పెక్కువైందే అనేది, గాలి మళ్ళింది వాన వస్తుందే అనేది. అది కళ్ళు మూసుకుని వినేది.

ఇక జీపు సంగతి. గెడ్డవలస నుంచి సంతకి ఆరు మైళ్ళు, ఆసుపత్రికి ఇంకా దూరం. గురువారం సంత వస్తే జనం, కోళ్ళు, చోళ్ళ బస్తాలు, అన్నీ ఆ జీపులోనే. ఎవరికైనా జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా అందులోనే. సాయంత్రానికి దాన్ని తెచ్చి గడ్డివామి పక్కన నిలిపేవాడు తవిటయ్య. గడ్డివామికి ఇవతల అతని ఇల్లు, అవతల పిట్టగోడ దాటితే బంగారమ్మ ఇల్లు.

ఒక ఏడాది వానలు ఆగకుండా కురిశాయి. ఊరి పక్క వాగు, అదే మా గెడ్డ, పొంగి పొలాలన్నీ మునిగిపోయాయి. అప్పుడు గట్లలో బొరియలు పెట్టుకున్న ఎలుకలన్నీ పైకొచ్చేశాయి. కొన్ని ఇళ్ళల్లోకి దూరాయి. చాలా మటుకు జీపులోకి దూరాయి. ఇంజను వెచ్చగా ఉంటుంది. సీటులో మెత్తటి స్పాంజి ఉంటుంది. కింద బస్తాల్లోంచి రాలిన గింజలుంటాయి. ఎలుకకి ఇంకేం కావాలి చెప్పు.

మొదట సీటు కొరికాయి. పోనీలే అనుకున్నాడు. తర్వాత హారను వైరు కొరికాయి. మలుపులో హారను కొడితే మోగలేదు, ఒక గేదె దూడ చక్రం కింద పడాల్సింది కొద్దిలో తప్పింది. ఆ తర్వాత అద్దం తుడిచే పుల్ల వైరు కొరికాయి. అంత వానలో తవిటయ్య తల బయటికి పెట్టి బండి నడిపాడు.

అప్పుడు తవిటయ్య కలరా ఉండలు తెచ్చి గుడ్డలో మూటలు కట్టి ఇంజను దగ్గర వేలాడదీశాడు. ఎక్కినవాళ్ళందరూ ముక్కులు మూసుకున్నారు. ఎలుకలు మాత్రం రెండు రోజులు దూరంగా ఉండి, మూడో రోజు ఆ మూటల పక్కనే పడుకున్నాయి.

ఆ తర్వాత ఎండుచేప ముక్క పెట్టి బోను పెట్టాడు. నాలుగు పడ్డాయి. వాటిని గెడ్డ దాటించి వదిలేసి వచ్చాడు. మర్నాడు చూస్తే అయిదున్నాయి.

అప్పుడు అతను మందు పెడదామనుకున్నాడు. ఆ మాట గోడ మీదుగా బంగారమ్మ చెవిన పడింది. ఆమె గబగబా వచ్చి జీపు ముందు నిలబడింది.

"ఒరే తవిటీ, మందు పెట్టకురా. ఆ మందు తిన్న ఎలకని నా చుక్క తింటాది. నాలుగు రోజులు ఓపిక పట్టు, దాన్నే తెచ్చి నీ జీపులో పడుకోబెడతాను."

సరే అత్తా అన్నాడు తవిటయ్య. అతని భార్య సూరమ్మ కూడా అదే మంచిదంది. చుక్క జీపులో పడుకుంది. మొదటి రోజు ఒకటి పట్టింది, రెండో రోజు రెండు పట్టింది.

మూడో రోజు గురువారం. పన్నెండు మంది గంపలతో, గొడుగులతో వచ్చి నిలబడ్డారు. తవిటయ్య తాళం తిప్పాడు. బండి కదల్లేదు. బానెట్ ఎత్తి చూస్తే పెద్ద వైరు తెగి ఉంది. జనం కాసేపు చూశారు, తర్వాత వానలో నడిచి వెళ్ళిపోయారు. ఒకావిడ పోతూ పోతూ, చేతకానప్పుడు బండి ఎందుకని అంది. ఆ మాటకి అతనికి తల కొట్టేసినట్టయింది.

వైరు అతికించుకున్నాడు. పిల్లి ఒక్కటి ఎన్నింటిని పడుతుంది అనుకున్నాడు. అప్పుడు ఎవరికీ చెప్పకుండా బెల్లంలో మందు కలిపి ఉండలు చేసి ఇంజను పక్కన పెట్టాడు. చచ్చిన ఎలుకల్ని వెంటనే నేనే ఏరేస్తాను, పిల్లికి దొరకనివ్వను, పరదాలు గట్టిగా కట్టేస్తాను అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ జీపుకి తలుపులెక్కడివమ్మా, గుడ్డ పరదాలే కదా.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి, ముందు చక్రం పక్కన చుక్క పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. వంగి ముట్టుకున్నాడు. కాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

 అప్పుడు గోడ అవతల బంగారమ్మ తలుపు తీసిన చప్పుడైంది. అతనికి భయమేసింది. పిల్లిని గోనెలో చుట్టి, పెరట్లో పెంటకుప్ప వెనకాల గొయ్యి తీసి కప్పెట్టేశాడు.

కాసేపటికి ఆమె వచ్చి, మా చుక్కని చూశావురా అని అడిగింది.

"చూడలేదత్తా" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట అన్నాక మరి వెనక్కి తీసుకోలేకపోయాడు.

అప్పుడు బంగారమ్మ వెతకడం మొదలుపెట్టింది. మొదటి రోజు వీధులన్నీ తిరిగింది. రెండో రోజు కళ్ళాల వైపు వెళ్ళింది. మూడో రోజు వానలో గెడ్డ గట్టు పొడుగునా నడిచింది. చుక్కా, చుక్కా అని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు తవిటయ్యకి ఇంట్లోకి వినపడేది. మొదటి రోజు చెబుదామని లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. రెండో రోజు గోడ దాకా వెళ్ళాడు. మూడో రోజు లేవనే లేదు, చెవుల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దున్న సూరమ్మ వెళ్ళి చూస్తే, బంగారమ్మ అరుగు మీద తడిబట్టలతోనే పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. సూరమ్మ పరుగెత్తుకొచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి బండి తియ్యమంది.

తవిటయ్య జీపెక్కి తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. లేదు. మూడోసారి కూడా లేదు.

బానెట్ ఎత్తాడు. మందు తిన్న ఎలుకలు చచ్చాయి గానీ, వాటి చోట్లోకి కొత్తవి వచ్చేశాయి. వైర్లన్నీ ముక్కలు ముక్కలుగా కొరికేశాయి. ఆ మధ్యలో సీటు స్పాంజితో గూడు. గూట్లో కళ్ళు తెరవని ఎర్రటి పిల్లలు ఆరో ఏడో ఉన్నాయి. తవిటయ్య వాటిని చూశాడు. వాటి మీద కోపం తెచ్చుకుందామనుకున్నా రాలేదు.

అప్పుడు మంచానికి కర్ర కట్టి, బంగారమ్మని పడుకోబెట్టి, నలుగురు మోశారు. ముందు వైపు తవిటయ్య పట్టాడు. అడ్డదారిన గెడ్డ దాటాలి, నడుం లోతు నీళ్ళు. దారిలో మిగతావాళ్ళు భుజాలు మార్చుకున్నారు. అతను మార్చుకోలేదు. ఎవరు అడిగినా ఇవ్వలేదు. రోడ్డు చేరేసరికి రెండు గంటలు పట్టింది. అక్కడ ఒక ఆటో దొరికింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందంది. ఇంకొంచెం ముందుగా తెస్తే ఇంత ముదిరేది కాదంది. ఎందుకు ఆలస్యమైందని అడిగింది. బండి చెడిపోయిందని సూరమ్మ చెప్పింది. 

బంగారమ్మ బతికింది. కాని పందొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంది. ఎనిమిదో రోజున లేచి కూర్చుని నాలుగు చెంచాల గంజి తాగింది. ఆ తర్వాత తవిటయ్య వైపు చూసి, చుక్క కనపడిందా అని అడిగింది.

లేదత్తా అంటే అయిపోయేది. ఆమెకి ఎప్పటికీ తెలిసేది కాదు. కాని తవిటయ్య ఈసారి అబద్ధం ఆడలేకపోయాడు.

"నేను మందెట్టేశానత్తా. నువ్వొద్దన్నా ఎట్టేశాను. సుక్క ఆ రోజే సచ్చిపోయింది. నీకు సెప్పనేకపోయాను."

బంగారమ్మ ఏడవలేదు. ఎక్కడ పాతిపెట్టావని అడిగింది.

"పెంటకుప్ప ఎనకాల."

"పెంటకుప్ప ఎనకాలా" అంది ఆమె, మెల్లగా.  గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం సూరమ్మని పిలిచి, ఇకనించి గంజి నువ్వే తీసుకురా అమ్మా, వాణ్ణి పంపకు అంది.

తవిటయ్య ఊరికి వచ్చేశాడు. టౌను నుంచి మెకానిక్ ముసలాయన వచ్చి వైర్లన్నీ మార్చాడు. మార్చి, చుట్టూ ఒకసారి చూశాడు. జీపుని గడ్డివామి పక్కన పెట్టకు, ఎండ తగిలే చోట పెట్టుకో అన్నాడు. బండి ఆపగానే రాలిన గింజలన్నీ ఊడ్చెయ్యి అన్నాడు. ఎలుక దూరే కంతలన్నిటికీ ఇనప జాలీ కొట్టు, ఇంజను చల్లారేదాకా బానెట్ ఎత్తి ఉంచు అన్నాడు. తవిటయ్య అలాగే చేశాడు. ఆ గూటిలోని పిల్లల్ని స్పాంజితో సహా తీసి గట్టు మీద పొదలో పెట్టాడు. బతికాయో లేదో తెలీదు. ఆ తర్వాత జీపులోకి ఒక్క ఎలుక కూడా రాలేదు.

అంతా కలిపి ఒక్క పూట పని. మందూ అక్కర్లేదు, బోనూ అక్కర్లేదు. ఆ పని చేసి తవిటయ్య జీపు మెట్టు మీద కూలబడి, సూరమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు.

బంగారమ్మ ఇంటికొచ్చింది. బాగా చిక్కిపోయింది, గొంతు బొంగురుపోయింది. తవిటయ్యతో మాట్లాడడం మానేసింది. మరో పిల్లిపిల్లని తెచ్చివ్వలేదా అంటావు కదూ. తెచ్చాడమ్మా. బుట్టలో పెట్టి ఆమె గుమ్మంలో ఉంచాడు. ఆమె ఆ బుట్టని సూరమ్మ చేతికిచ్చి పంపేసింది. పాలు పట్టి పంపింది గాని, ఉంచుకోలేదు. ఆ పిల్లిపిల్ల సూరమ్మ దగ్గరే పెరిగింది.

వానలు వెలిశాయి. బంగారమ్మ పెరట్లో పసుపు తవ్వి, గురువారం గంప నెత్తిన పెట్టుకుని సంతకి నడక మొదలుపెట్టింది. ఆరు మైళ్ళు. జీపు వెనకనుంచి వచ్చింది. తవిటయ్య ఆమె పక్కన ఆపాడు. ఆమె తల తిప్పలేదు, నడుచుకుంటూ పోయింది.

తర్వాతి గురువారం మళ్ళీ ఆపాడు. జీపులో ఉన్నవాళ్ళు కూడా, రా అప్పా, ఎక్కు అన్నారు. మా వైపు అక్కని అప్పా అంటారులే. ఆమె వినపడనట్టే పోయింది.

మూడో గురువారం ఎండ గట్టిగా ఉంది. తవిటయ్య ఆపాడు. చేతులు స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు బంగారమ్మ ఆగింది. దగ్గుతూ కాసేపు నిలబడింది. ఆ తర్వాత నెత్తి మీది గంప దింపి జీపు వెనక సీటు మీద పెట్టింది. అందరూ సర్దుకుని ఆమెకి చోటిచ్చారు.

"గంప మట్టుకు సంతలో దించు" అంది.

నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తవిటయ్య జీపు పోనిచ్చాడు. సంతలో జనం దిగిపోయారు. అతను ఆ గంపని రెండు చేతులా దింపి, పసుపు అమ్మేవాళ్ళ వరసలో నీడ చూసి పెట్టాడు. బేరానికి వచ్చినవాళ్ళతో, మనిషి వస్తోంది ఉండండి అన్నాడు. బంగారమ్మ నడిచి వచ్చేదాకా ఆ గంప పక్కనే నేల మీద కూర్చున్నాడు.

తర్వాత ఎప్పుడైనా ఆమె జీపెక్కిందా అంటావా? ఏమోనమ్మా. నేను చూసినంతవరకూ గంపే ఎక్కింది.

ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచి దారి పట్టింది,
బంగారమ్మ ఇంటి దారి పట్టింది,
నా బుజ్జమ్మకి నిద్దర పట్టింది.