నీలిపూలు మధ్యాహ్నానికే ఎందుకు ముడుచుకుంటాయి?

ఒకప్పుడు వాగు గట్టున గడ్డిలో పూసే చిట్టి నీలిపూలు పొద్దున విచ్చుకుంటే పొద్దుగూకేదాకా నవ్వుతూనే ఉండేవి.

ఆ రోజుల్లో జపాను దేశంలో, ఒక కొండపల్లెలో ఫుమి ఉండేది. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు వేయడం ఆమె పని. ఆమె చెల్లెలు సుజు జబ్బుచేసి మంచం పట్టింది.

"అక్కా, వాగు చూడాలనుందే. నన్ను మోసుకెళ్తావా?" అంది సుజు ఒకనాడు.

వైద్యుడేమో కదపొద్దన్నాడు.

"వాగునే నీ దగ్గరికి తెస్తాలే," అంది ఫుమి.

చెర్రీ చెక్క మీద అలలు చెక్కింది, రాళ్లు చెక్కింది, ఒడ్డున వంగిన రెల్లు చెక్కింది. అన్నీ కుదిరాయి, నీలం రంగే లేదు. గట్టుకెళ్లి నీలిపూల మొక్కను అడిగింది.

"అయ్యో, దానికేం, తీసుకో అక్కా!" అంది మొక్క. "విచ్చిన పూలన్నీ నీవే. మొగ్గల జోలికి మాత్రం రాకు. అవి ఇంకా నిద్రపోతున్నాయి. ఇంకో మాట, నా రంగు తడికి ఆగదు సుమా!"

ఫుమి విచ్చిన పూలన్నీ కోసి, నలిపి, రసం తీసి, అచ్చు వేసింది. కాగితం మీద వాగు గలగలా పారుతున్నట్టే ఉంది! సుజు దాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చేసింది. సంతోషంతోనే. కానీ ఆ కన్నీళ్లకే నీలమంతా కారిపోయింది.

చెల్లెలి మొహం చూడలేక, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫుమి మళ్లీ గట్టుకు పరుగెత్తింది.

"రేపు పొద్దున రా అక్కా, పూలిస్తాను! పసివాటిని వదిలెయ్!" అని మొక్క బతిమాలింది.

"రేపటిదాకా నా చెల్లెలు ఉంటుందో లేదో!" అంటూ ఫుమి మొగ్గలన్నిటినీ గోళ్లతో చీల్చేసింది. వేళ్లకు పచ్చి పసరంటింది. నీలం చుక్కైనా రాలేదు.

వట్టి చేతులతో వచ్చిన అక్కను చూసి, "తెల్లగా ఉంటే మాత్రం వాగు కాదటే?" అంది సుజు. "ఇంతసేపూ ఎక్కడికెళ్లావు? నా పక్కన కూర్చోవలసింది."

ఆ వానాకాలం వెళ్లకుండానే సుజు వెళ్లిపోయింది.

ఫుమి గట్టుకొచ్చి, "తప్పు చేశాను, తల్లీ," అని తల వంచుకుంది.

"కోపం లేదక్కా," అంది మొక్క. "భయమే పోవడం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి నీ అడుగుల చప్పుడే వినబడుతోంది."



అప్పటినుంచే నీలిపూలు తెల్లవారగానే విచ్చుకుని, ఎండెక్కేసరికి రేకులు ముడుచుకుంటున్నాయి. మధ్యాహ్నం వెళ్లి ఎంత ముద్దుగా పిలిచినా, ఈనాటికీ కళ్లు తెరవవు.