చైనాకు వెళ్ళే టిక్కీ

ఆ గురువారం పున్నయ్య దర్గాకి ఒట్టి చేతులతో రాలేదు. ఆటోలో ఒక టిక్కీ వేసుకొచ్చాడు. మిరప వ్యాపారంలో బస్తాని టిక్కీ అంటారు. దాన్ని గఫూర్ బాబా ముందు దింపించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఉసూరుమంటూ కూలబడ్డాడు. వేసవిలో గుంటూరు ఎండ గురించి వేరే చెప్పేదేముంది.

"దీని మీద ఒక్కసారి ఊదండి బాబా. రేపు చైనా వాళ్ళొస్తున్నారు. గోడౌన్లో పద్దెనిమిది వందల టిక్కీలున్నాయి. అన్నీ మోసుకురాలేక మచ్చుకి ఒకటి తెచ్చాను."

బాబా ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, పొద్దుటినుంచీ జనం వస్తూనే ఉన్నారు. అప్పుడు ఆయన ముందు ఒక తల్లి జ్వరం పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"పేరు?" అన్నాడు బాబా.

"రమీజా."

ఆ పేరు ఒకసారి పలికి, పెదవుల్లో ఏదో చదువుకుని, పిల్ల నుదుటి మీద మూడుసార్లు ఊదాడు. "ఉండమ్మా, అన్నం తిని వెళ్ళండి," అన్నాడు. పేరు అడక్కుండా బాబా ఎవరికీ ఊదడు. పాతికేళ్ళుగా వస్తున్న పున్నయ్యకి ఆ సంగతి తెలియంది కాదు. పని పడ్డవాడికి ఇలాంటివి గుర్తుండవు, అంతే.

"ఏమైంది పున్నయ్యా?"

"అలిసిపోయాను బాబా. ముప్ఫయ్యేళ్ళుగా టిక్కీ మూతి విప్పి చూడ్డమే గానీ అడుగు చూసినవాడు లేడు. మలేషియా వాడు చూళ్ళేదు, దుబాయి వాడు చూళ్ళేదు. పోయిన వారం ఈ చైనా వాడొచ్చి నిలువునా కోయించి, నేల మీద కుప్ప పోయించాడు. పోయించి, ఫోన్ తీసి నాకో పిల్లని చూపించాడు."

"ఎవరా పిల్ల?"

"ఎవరో తినే పిల్ల. వాళ్ళ ఊళ్ళో హోటల్లో కూచుని, మరిగే కారప్పులుసులోంచి పుల్లలతో ఒక మిరపకాయ తీసి, కొరికి, తూ అని ఉమ్మేసింది. అది నా కాయేనంట, లక్షలమంది చూశారంట. రెండు రోజుల్లో కంపెనీ నా సరుకు వద్దంది. బతిమాలితే రేపు ఇంకోసారి చూస్తామన్నారు. అక్కడెక్కడో ఒక పిల్ల ఉమ్మితే ఇక్కడ నా గోడౌన్‌కి తాళం పడేట్టుంది బాబా! వాళ్ళని చూసి దుబాయి వాడు కూడా అడుగుదాకా కోసి చూపించమంటున్నాడు. ఇన్నాళ్ళూ ఏం పెడితే అది పుచ్చుకున్నవాడు!"

బాబా వింటూ మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఆ చైనా వాళ్ళే మన కాయ పట్టుకెళ్ళి, నూనె చేసి, ఎర్రమూత సీసాలో పోసి విజయవాడ షాపుల్లో మనకే అమ్ముతున్నారు. మా మనవరాలు అది వెయ్యందే నూడిల్స్ ముట్టదు. ఎవరితో పోటీ పడాలో, దేంతో పడాలో నాకు అర్థం కావట్లేదు. రేపు కూడా కాదంటే తొడిమలు తీసే నలభైమంది ఆడవాళ్ళని ఇంటికి పంపేస్తాను. వాళ్ళ వెనకే నేనూ. నాకింక ఓపిక లేదు."

అతను చెప్పని సంగతి ఒకటుంది. టిక్కీ మూతి దగ్గర నిగనిగలాడే కాయ, అడుగున రంగు చచ్చిన తాలుకాయ వెయ్యడం, తూకానికి నాలుగు చెంబులు నీళ్ళు చిలకరించడం వాళ్ళ నాన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. అది మోసమని పున్నయ్యకి ఏనాడూ తోచలేదు. పొద్దున్నే పళ్ళు తోముకోవడం లాగా చేసుకుపోయాడు. అట్లాగని చెడ్డవాడు కాదు. దర్గా వంటకి కావలసిన మిరపకాయలు ఏటా అతనే ఇస్తాడు. అవి ఇంటి కోసమని అరెకరంలో విడిగా పండించుకునే కాయలు.

బాబా చెయ్యి చాపితే, వంటచేసే మాబున్నీ కూరగాయల చాకూ చేటా అందించింది. ఆయన ముందుకు వంగి, టిక్కీ మూతి జోలికి పోకుండా, అడుగున ఒక్క కోత కోశాడు. కాయలు జలజలా చేటలోకి రాలాయి. సగం తెల్లబారి ఉన్నాయి. కొన్నిటికి బూజు. ముక్కిన వాసన గుప్పుమంది.

"మాబున్నీ, ఈ పూట పచ్చడికి ఇవి వేయించమ్మా," అన్నాడు బాబా. "రమీజా వాళ్ళమ్మ ఆకలి మీద ఉంది."

మాబున్నీ చేట అందుకోబోయింది. పున్నయ్య చటుక్కున రెండో అంచు పట్టేసుకున్నాడు.

"వద్దు బాబా! ఇది మనం తినేది కాదు. ఎగుమతి సరుకు!"

అనేశాక ఆ మాట అతని చెవినే పడింది. మాబున్నీ చేట వదిలేసింది. పున్నయ్య మాత్రం దాన్ని అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. సిగ్గుతో ఆ పెద్దమనిషి మొహం చిన్నబోయింది. అరుగు మీద రమీజా దగ్గుతోంది.

బాబా చాకు పక్కన పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా ఆయనలో ఉన్నట్టు లేదు.

"ఊదమన్నావుగా," అన్నాడు. "ఊదుతాను. తినేవాళ్ళ పేరు చెప్పు."

పున్నయ్య నోరు తెరిచాడు. లిన్ అనబోయాడు, అది కొనేవాడి పేరు. తన పేరు అనబోయి ఆగిపోయాడు. చేట కింద పెట్టాడు. తర్వాత ఫోన్ తీసి, చైనా వాళ్ళ దుబాసీకి చేశాడు.

"ఏవండీ, నేను పున్నయ్యని. రేపు రావద్దని చెప్పండి. ఒక్క వారం ఆగి రమ్మనండి."

"వారమా! వాళ్ళు ఆగరండీ. ఇంకొకళ్ళ దగ్గర కొనేసుకుంటారు."

"తెలుసు. పద్దెనిమిది వందలూ కుప్ప పోయించి ఏరించాలి," అన్నాడు. "ఇంకో మాట. ఆ వీడియోలో పిల్ల ఉంది చూడండి, కాయ ఉమ్మేసిన పిల్ల. ఆ అమ్మాయి పేరేమిటో కాస్త కనుక్కుంటారా?"

"ఎందుకండీ, కేసు వేస్తారా?"

"కాదు," అన్నాడు పున్నయ్య. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేట ఒళ్ళోకి లాక్కుని, తాలుకాయలు ఒక పక్కకి ఏరడం మొదలుపెట్టాడు.