యాడుండావు సందులయ్యా?

గుడ్డికోనకి ఆ పేరు ఫోన్లు వచ్చాకే పడింది. అంతకుముందు దానికి వేరే పేరేదో ఉండేది, ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. కొండకి ఇవతల పశువుల దొడ్డి, గడ్డివాము, కోళ్ల గూడు. అక్కడ సిగ్నల్ నిండుగా ఉండేది. కొండ దాటి నాలుగడుగులు వేస్తే చాలు, ఫోనూ గులకరాయీ ఒకటే. కోనలోకి మేతకి వెళ్లినవాళ్లు దారి తప్పినా, కాలు విరిగి పడినా, సాయంత్రం ఇంటికి రానప్పుడే దొడ్డికి తెలిసేది.

ఆ ఎండాకాలం ఓ మంచి కబురొచ్చింది. ఇకమీదట గుడ్డికోనకి ఆకాశంలోంచి సిగ్నల్ వస్తుందట. టవరు అక్కర్లేదట, ఉపగ్రహమే నేరుగా ఫోనుని అందుకుంటుందట. కోళ్లన్నీ సంబరపడ్డాయి, కోనలో పురుగులు ఏరుకుంటూ హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చని. ఆ సంబరం మీద నీళ్లు చల్లింది నింపాదమ్మ.

నింపాదమ్మ అంటే దొడ్డిలోని పెద్ద బర్రె. ఆపద ఫోన్లు అందుకునే పని ఆమెది. మొదట్లో ఆ పని కుందేలుకిచ్చారు. ఫోను మోగితే చాలు, పిలిచినవాళ్లకన్నా ముందు తనే ఏడ్చేది. తర్వాత కోతికిచ్చారు. విన్నదానికి నాలుగు కలిపి అడివంతా చెప్పొచ్చింది. ఇట్లా కాదు, దున్నపోతు మీద వాన కురిసినట్టు ఉండేవాళ్లు కావాలన్నారు పెద్దలు. దున్నపోతుని అడిగితే మడుగులోంచి లేవనంది. సరేనని దాని అక్కని పెట్టారు.

“ఆకాశం సిగ్నలు ఆపదకి మాత్రమే, ఊసుపోక కబుర్లకి కాదు,” అంది నింపాదమ్మ నెమరు ఆపి. “నెత్తిన చెట్టూ చూరూ ఉండకూడదు, ఆకాశం కనపడాల. ఉపగ్రహం తిరుగుతా ఉంటాది, అది పైకొచ్చేదాకా ఓపిక పట్టాల. ఎవరి ఫోనైనా పర్వాలేదు, లాకు తీయకపోయినా ఆపద నంబరు పోతాది. లైను కలిసినాక మొదటి మాట, యాడుండావో చెప్పాల. ఏడుపు తర్వాత.”

“మొదటే యాడుండామో చెప్పాల్నా?” అని వెనకనుంచి ఓ గొంతు వినిపించింది.

అది నక్క గొంతు. వాడి పేరు సందులయ్య. పుట్టి బుద్ధెరిగాక దారి మీద నడిచింది లేదు, అన్నీ సందులే. తను ఎక్కడున్నాడో నిజం చెప్పడం వాడి ఇంటా వంటా లేదు. కోళ్ల గూటి వెనక నక్కి ఉండి కూడా ‘కొండెక్కుతా ఉండా’ అనేవాడు. పెళ్లికి పిలిస్తే బొరియలో పడుకునే ‘దార్లో ఉండా, వచ్చేసినా’ అనేవాడు. ఈ రెండో అబద్ధం నక్కలే కాదు, మనమూ ఆడతామనుకోండి.

“చెప్పకపోతే ఏమైతాదక్కా?” అన్నాడు సందులయ్య.

“సాయం రాదు.”

“అబద్ధం చెప్తే?”

నింపాదమ్మ చాలాసేపు నమిలింది. “అబద్ధం చెప్పినకాడికి వస్తాది,” అంది.

అందరూ నవ్వారు. సందులయ్య నవ్వలేదు. వాడికా మాట ఎంతో నచ్చింది.

సాయానికి ఎవరు వెళ్లాలో కూడా అప్పుడే తేల్చారు. మోకు వేసి లాగడానికి ఓబులన్న అనే ఎద్దు, వాసన పట్టడానికి కర్రిగాడనే కుక్క. ఇద్దరూ కలిసే వెళ్లాలి.

“కర్రిగాడు పోతే మా గూటికి కాపలా ఎవరు?” అని అడిగింది గంపమ్మ. ఆమె కోళ్లలో పెద్దది, ఎప్పుడూ గంప కిందే ఉంటుందని ఆ పేరు.

“ప్రాణం పోయేవాడు ఒకడుంటే కాపలా సంగతి తర్వాత,” అంది నింపాదమ్మ. “ఇంకో నియమం. ఒకసారి పిలిచినాక, పిలిచినోడే తన నోటితో వద్దంటేనే రద్దు. అందాకా చెప్పినకాడే ఎతుకుతారు. పోండి, నాకు మేత టైమైంది.”

రెండ్రోజులాగి, పిట్ట కూడా గడప దాటని మిట్టమధ్యాహ్నం, కోళ్ల గూటి వెనకనుంచి సందులయ్య ఆపద నంబరు నొక్కాడు.

“యాడుండావు?” అంది నింపాదమ్మ.

“గుడ్డికోన పడమటి చివర, పెద్ద బండ కింద పడినానక్కా. నడుం ఇరిగింది. నేను సందులయ్యని.”

“నీ మాట పక్కింట్లోంచి మాట్లాడినట్టుందే.”

“పోయే ప్రాణం కదక్కా, గట్టిగా పలుకుతాది.”

నింపాదమ్మకి అది సబబుగానే తోచింది. అయిదు నిమిషాల్లో ఓబులన్న మెడకి మోకు చుట్టుకుని, కర్రిగాడు ముక్కు నేలకానించి, ఇద్దరూ పడమటికి పరుగెత్తారు. వాళ్ల దుమ్ము అణగకముందే సందులయ్య గూట్లో దూరి, గంపమ్మని గోతాంలో కుక్కి, భుజాన వేసుకున్నాడు. ఎండలో తింటే వేడి చేస్తుందని, బొరియకి వెళ్లి చల్లగా తిందామని వాడి ఆలోచన.

వాడి బొరియ కోన దాటాక, మళ్లీ సిగ్నల్ అందే అవతలి గట్టు మీద. పడమటి దారిలో కుక్క ఉంటుంది కాబట్టి తూర్పు అంచున పొదల్లోంచి పోయాడు. పోతూ పోతూ కుక్క వస్తోందేమోనని వెనక్కి చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. సందులయ్యకి వెనక ఏమీ లేదు గానీ, ముందు మాత్రం నుయ్యి ఉంది.

పాడుబడ్డ బావి. నీళ్లు లేవు, మోకాల్లోతు ఎండుటాకులున్నాయి కాబట్టి బతికిపోయాడు, కాలు మాత్రం బెణికింది. గోతాం చిరిగి గంపమ్మ బయటికొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సందులయ్య పెదాలు నాక్కున్నాడు. గంపమ్మ ఎగిరి పారిపోదామంటే అది బావి, ఏ కోడీ అంతెత్తు ఎగరలేదు.

“నన్ను తింటే తిను గానీ, పైకెట్లా పోతావు మరిదీ?” అంది ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

ఆ మాటకి సందులయ్య పైకి చూశాడు. బావి నోటికి అడ్డంగా మేడిచెట్టు కొమ్మలు కమ్ముకుని ఉన్నాయి. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. ఓ పక్కన మాత్రం అరచేతంత ఆకాశం కనిపిస్తోంది, దాని కిందే గోడలోంచి ఓ రాయి పొడుచుకొచ్చి ఉంది. బెణికిన కాలితో మూడుసార్లు ఎగిరాడు, మూడుసార్లూ ఆకుల్లో బోర్లా పడ్డాడు.

“ఆ రాతి మీదికి నేనైతే ఎగరగలను,” అంది గంపమ్మ. “కడుపులో ఉంటే ఎగరలేను.”

సందులయ్యకి ఆకలీ తెలుసు, లెక్కా తెలుసు. “వదినా, గోతాంలో వేసినానని మనసులో పెట్టుకోవద్దు. ఇంద ఫోను,” అన్నాడు.

నక్కతోక తొక్కితే అదృష్టం అంటారు. గంపమ్మ వాడి తోకా, వీపూ, నెత్తీ వరసగా తొక్కి, ఫోను ముక్కున కరచుకుని, రెక్కలు టపటపలాడించి రాతి మీద వాలింది. అరచేతంత ఆకాశం కిందికి ఫోను జరిపి, ముక్కుతో ఆపద నంబరు పొడిచింది. ఉపగ్రహం ఇంకా పైకి రాలేదు. ఆగింది. కింద నక్క కడుపు గుర్రుమన్నప్పుడల్లా ఆమె ఈకలు నిక్కబొడుచుకున్నాయి. చివరికి లైను కలిసింది. అడిగిన మాటకి జవాబు రావడానికి కాసేపు పట్టేది. ఆ ఆలస్యం ఉపగ్రహానిదో నింపాదమ్మదో ఎవరూ చెప్పలేరు.

“యాడుండావు?”

“పడమటి బండకాడని చెప్పు వదినా,” అని కిందనుంచి సందులయ్య గబుక్కున అందించాడు.

“బండకాడంటే బండకాడికే పోతారు గదా. మనం బావిలో ఉండాం.”

“అవును కదా,” అన్నాడు వాడు. “అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.”

“అక్కా, నేను గంపమ్మని,” అంది గంపమ్మ ఫోనులో. “గుడ్డికోన తూర్పు అంచున, మేడిచెట్టు కింద పాడుబావిలో ఉండా. తోడు సందులయ్య ఉండాడు.”

“మొత్తం ఎంతమంది?”

“ఇప్పటికి ఇద్దరం. ఆలస్యమైతే ఒక్కడే.”

నింపాదమ్మ నిదానంగా రాసుకుంది. “సరే. బావిలో పడినోళ్లు సాయం వచ్చేదాకా కదలకూడదు. ఏమీ తినకూడదు. నియమం.”

“అక్కా, ఆ కడపటి మాట వాడికి వినపడేట్టు ఇంకోసారి చెప్పు,” అని గంపమ్మ స్పీకర్ పెట్టింది.

“ఏమీ తినకూడదు,” అంది బావి నిండా నింపాదమ్మ గొంతు. సందులయ్య ఆకుల్లో చతికిలబడ్డాడు.

“అయితే ఒక చిక్కుండాది,” అంది నింపాదమ్మ. “ఇదే నంబరు నుంచి ఇందాక ఒక ఆపద వచ్చింది. పడమటి బండ కింద నడుం ఇరిగినోడు. ఓబులన్నా కర్రిగాడూ ఆడ బండలు దొర్లిస్తా ఉండారు. పిలిచినోడు రద్దు చేస్తే తప్ప వాళ్లని ఇటు తిప్పేదానికి లేదు.”

కర్రిగాడు ఎందుకు లేడో గంపమ్మకి అప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. కిందికి చూసి, “మరిదీ, విన్నావు కదా. నీ నోటితోనే చెప్పాలంట,” అంది.

సందులయ్య గొంతు సవరించుకున్నాడు. “అక్కా, బండ కింద పడిన మాట నిజమే. ఆనక నడుం దానంతటదే అతుక్కునింది. అట్లా నడుస్తా నడుస్తా ఈడికొచ్చి పడినా.”

“నడుం ఇరిగినోడు కోన ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి, దారిలో దొడ్డికొచ్చి కోడిని తోడు తీసుకొని, బావిలో పడినాడని రాసుకోమంటావా?”

“అట్లా రాస్తే బాగుండదు,” అని ఒప్పుకున్నాడు సందులయ్య.

“తొందరగా చెప్పు. ఇంకాసేపట్లో ఉపగ్రహం కొండ దాటి పోతాది. మళ్లీ ఎప్పటికొస్తాదో, అందాకా నీకు ఉపవాసమే. మొదటిసారి యాడుండి పిలిచినావు?”

సందులయ్య ఆకాశం చూశాడు, గోడ చూశాడు, గంపమ్మని చూశాడు. తను ఉన్న చోటు పుట్టినప్పటినుంచీ ఎవరికీ నిజంగా చెప్పింది లేదు. “కోళ్ల గూటి వెనకాల,” అన్నాడు సన్నగా.

“వినపడలేదు. ఉపగ్రహం దూరంగా ఉండాది.”

“కోళ్ల గూటి వెనకాల. అబద్ధం చెప్పినా. రద్దు చెయ్యక్కా.”

నిజానికి నింపాదమ్మకి మొదటిసారే వినిపించింది. దొడ్డిలో ఆమె చుట్టూ చేరిన కోళ్లకి వినిపించడానికి ఇంకోసారి చెప్పించింది.

కోళ్లు కొండెక్కి కేకేసి కబురు చెప్పాక, పొద్దు వాలకముందే ఓబులన్న మోకు బావిలోకి దిగింది. మొదట గంపమ్మ పైకొచ్చింది. తర్వాత నక్క వంతు. పైన కర్రిగాడి పళ్లు చూసి, “నాకేం తొందర లేదన్నా, కర్రిగాడు ఇంటికి పోయినాక లాగినా చాలు,” అన్నాడు సందులయ్య. ఓబులన్న పట్టించుకోకుండా ఒక్క గుంజు గుంజాడు.

కర్రిగాడు మీదికి దూకబోతే ఓబులన్న అడ్డం నిలబడ్డాడు. ఎద్దు కొమ్ములు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, మూపు గీరుకుపోయి రక్తం కారుతోంది. “నలభై బండలు దొర్లించినా సందులయ్యా,” అన్నాడు. “ప్రతి బండ కింద నీ పేరు పెట్టి పిలిచినా. పాపం, పలకలేకుండా ఉండాడేమో అనుకున్నా.”

కర్రిగాడు కరిచినా సందులయ్యకి అంత నొప్పి ఉండేది కాదు. మొదటిసారి వాడికి ఏ అబద్ధమూ తోచలేదు.

దొడ్డిలో పంచాయతీ పెట్టారు. కోళ్లు తోక కత్తిరించమన్నాయి, కర్రిగాడు ఇంకా చాలా కత్తిరించమన్నాడు. నింపాదమ్మ ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే తను ఫోను చేస్తుంది, వాడు ఎక్కడున్నాడో నిజం చెప్పాలి, అంతే. ఇంత చిన్న శిక్షా అని సందులయ్య లోపల్లోపల నవ్వుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఫోను మోగింది.

“యాడుండావు సందులయ్యా?”

“కొండెక్కుతా ఉండాక్కా,” అన్నాడు వాడు బొరియలో అటుపక్కకి తిరిగి పడుకుంటూ.

బొరియ గుమ్మం ముందు ఎవరో దగ్గారు. కర్రిగాడి దగ్గు.

“అంటే, ఎక్కి దిగేసినా,” అన్నాడు సందులయ్య లేచి కూర్చుని. “బొరియలోనే ఉండా.”

“నిజమేనక్కా,” అన్నాడు కర్రిగాడు బయటనుంచి. “ఈడనే ఉండాడు.”

సాయం మనం ఉన్న చోటికి రాదు, మనం చెప్పిన చోటికి వస్తుంది.