ముత్యం ఎంగిలిపడిన రోజు

ఎవరు ఏమడిగినా అనంతశయనం గారు ఆ రోజే జవాబు చెప్పేవారు కారు. "ప్రశ్న శనగలాంటిది. నానకుండా నమిలితే పళ్ళూడతాయి," అనేవారు. భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా ఉండే ఆయన చిన్న ఆశ్రమంలో అలా ఎన్ని ప్రశ్నలు నానుతూ ఉండేవో! కొన్నింటికి మర్నాడే జవాబు దొరికేది. కొన్నింటిని అడిగినవాళ్ళే మరిచిపోయేవారు.

ఆశ్రమంలోనే ఉండి ఆయన్ని చూసుకునే వకుళ అడిగింది మాత్రం మరిచిపోయే ప్రశ్న కాదు.

"గురువుగారూ, ప్రాణమంతా పోసి పెట్టినా ముట్టనివాళ్ళని ఏం చేయాలండీ?" అంది ఒక సాయంత్రం, గుడ్డపేలిక చుట్టిన వేళ్ళని కొంగు చాటున దాచుకుంటూ.

ఆమె బాధంతా ముత్యం గురించి. ముత్యం అంటే కాకటూ, వెన్నెలని ముద్దచేసి రెక్కలు తొడిగినట్టుండే పెద్ద తెల్ల చిలుక. కోపమొచ్చినా సంబరమొచ్చినా దాని నెత్తిమీది పసుప్పచ్చ కుచ్చు మొగలిరేకుల్లా విచ్చుకునేది. వకుళ బావగారికి అండమాన్ బదిలీ అయితే, వెళ్తూ వెళ్తూ అక్క దాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది. వచ్చిన నాటినుంచి అది పొద్దుతిరుగుడు గింజలు తప్ప మరోటి ముట్టలేదు. నోరు తెరిచి అరిచిందంటే సముద్రపు హోరు కూడా వినబడేది కాదు. తన రొమ్ము మీది ఈకలు తనే పీక్కుని, అరచేయంత మేర గులాబీరంగు చర్మం బయటపెట్టుకుంది. పక్షుల డాక్టరు పొట్ట తడిమి చూసి, "కాలేయానికి కొవ్వు పట్టిందమ్మా. ఈ గింజలతోనే బతికితే వచ్చే వానలు చూడదు," అన్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి వకుళకి కంటిమీద కునుకు లేదు. ఆమె అమ్మమ్మ చేతిలో పెరిగిన పిల్ల. ప్రేమించినవాళ్ళకి పెట్టేదాన్ని రుచి చూడకూడదు, వాసనైనా పీల్చకూడదు, వాళ్ళకంటే ముందు మనం తినకూడదు అని నేర్చుకున్న పిల్ల. తెల్లారకుండానే తలస్నానం చేసి, బొప్పాయి ముక్కలూ ఉడికించిన చిలగడదుంపా లేత మునగాకూ వెండిగిన్నెలో సర్ది, పైన తెల్లగుడ్డ కప్పి తెచ్చేది. ముత్యం ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, నైవేద్యం పెట్టినట్టు ఊపిరి బిగబట్టి నిలబడేది. ముత్యం ఒక్కొక్క ముక్కనీ ముక్కుతో ఎత్తి నేలకేసి కొట్టేది. ఆఖరికి గిన్నె బోర్లించి అరుపు లంకించుకునేది. ఆ అరుపు తట్టుకోలేక వకుళ గుప్పెడు గింజలు పోసేది. పోసిన చేతినే అది కరిచేది.

"దేవుడు దానికి ముక్కు బదులు అడకత్తెర పెట్టాడమ్మా. నువ్వేమో వక్కలా దొరికావు," అనేది వంటింట్లోంచి సూరమ్మ. "అదీ ఎంగిలిపడదు. దాన్ని చూస్తూ నువ్వూ ఎంగిలిపడవు. అయ్యగారు చూస్తే ఈ మధ్య సగం అన్నం విస్తట్లోనే వదిలేస్తున్నారు. ఇంక నేనెవరికోసం వండి చావాలి?"

గురువుగారి పట్ల కూడా వకుళది అదే మర్యాద. ఆరేళ్ళుగా రోజూ ఆయనకి పీట వేసి, విస్తరి పరిచి, వడ్డించి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది. ఆయన చేయి కడిగాకే వంటింట్లోకి వెళ్ళి తను ఇంత తినేది.

ప్రశ్న అడిగిన నాలుగోరోజు పొద్దున్నే అనంతశయనం గారు తన పళ్ళెం తనే పట్టుకుని వరండాలోకి వచ్చారు. అందులో అదే బొప్పాయి, అదే చిలగడదుంప, అదే మునగాకు. ముత్యం కూర్చునే కొయ్యకి పక్కగా చాప వేసుకుని, దాని వంక చూడకుండా తినడం మొదలుపెట్టారు.

"దానికి పెట్టరేమిటండీ?" అంది వకుళ.

"నేను తింటున్నాను కదమ్మా."

ముత్యం అరిచింది. ఆయన పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. అరుపు ఆగిన క్షణంలో తిరిగొచ్చి కూర్చున్నారు. మళ్ళీ అరిచింది. మళ్ళీ వెళ్ళారు. గింజల డబ్బా కోసం వకుళ రెండుసార్లు పరుగెత్తబోయింది గాని, డబ్బా అప్పటికే ఆయన చంకలో ఉంది. "పొద్దుతిరుగుడు గింజలు పొద్దు తిరిగాకే. అదీ చిటికెడు, నోరు మూసుకుని ఉంటేనే," అన్నారు.

"అయ్యగారు ఫలహారం చేస్తున్నారా, ప్రదక్షిణాలు చేస్తున్నారా?" అంది సూరమ్మ, నవ్వాపుకోలేక.

అలా ఎనిమిది రోజులు గడిచాయి. ఎనిమిది రోజులూ వకుళ గుండె ఆ కొయ్యకే వేలాడుతూ ఉంది. అది చిక్కిపోతోందనీ, రాత్రికి రాత్రి చచ్చిపోతుందేమోననీ ఒకటే భయం. తొమ్మిదో రోజు ముత్యం అరవలేదు. కొయ్య మీద అడ్డంగా ఒక్కో అడుగే వేస్తూ చివరికి వచ్చింది. తల వాల్చి, గురువుగారి దవడ ఎలా కదులుతోందో ఒంటికంటితో చాలాసేపు చూసింది. తర్వాత కిందికి దిగి, చాప అంచున రెండు క్షణాలు ఆగి, ఆయన తింటున్న పళ్ళెంలోంచే ఒక చిలగడదుంప ముక్క తీసుకుంది. కాలితో పట్టుకుని, పెళ్ళిలో కొత్త పెళ్ళికొడుకులా తాపీగా కొరికింది.

వకుళకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయినా నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది. "అయ్యో గురువుగారూ, అది మీ ఎంగిలి పళ్ళెమండీ!"

"అవును," అన్నారాయన. "నీ వెండిగిన్నె ఎంత శుభ్రంగా ఉందంటే, అందులోది ఎవరూ తినే తిండిలా కనిపించదు."

మర్నాటినుంచి ఆ చాప మీద వకుళ కూర్చుంది. ముందు తను తినాలంటే మొదటిరోజు దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. మూడోరోజు ముత్యం ఆమె పళ్ళెంలో తల పెట్టింది. ఆ నెల గడిచేసరికి దాని రొమ్ము మీద దూదిలాంటి నూగు మొలిచింది. డాక్టరు పొట్ట తడిమి, "వాపు తగ్గిందే! ఏం మందు వాడారు?" అన్నాడు.

"ఎంగిలి మందు," అంది సూరమ్మ.

ఆ మధ్యాహ్నం బయట తొలి వాన మొదలైంది. వరండాలో ముత్యం కుచ్చు విప్పుకుని, చూరునుంచి కారే ధారల వంక వింతగా చూస్తోంది. వకుళ ఎప్పట్లాగే గురువుగారికి విస్తరి వేసి వడ్డించి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"గురువుగారూ, నేనడిగిన ప్రశ్న ఇంకా నానలేదాండీ?"

ఆయన చేయి ఇంకా అన్నం మీద పడలేదు. పొగలు కక్కే విస్తరి వంకా, గుమ్మంలో నిలబడ్డ ఆమె వంకా కాసేపు చూశారు. గోడకి ఆనించి ఉన్న రెండో పీట అందుకుని, తన ఎదురుగా వేశారు.

"నాకూ ఆకలిగానే ఉంది వకుళా," అన్నారు. "నీ విస్తరి కూడా తెచ్చుకో."