వేలెడు చోటు

ఆ పొద్దు యూనుస్‌కి కాలు నేల మీద నిలవడం లేదు. తన సూఫీ గురువు ఖలీలుల్లా షా గారి ఖాన్‌ఖాలో, అంటే ఆశ్రమంలో, ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందులో లినక్స్, ఫ్రీబీఎస్‌డీ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లని పక్కపక్కన కూర్చోబెట్టాడు. పాటలు రికార్డు చేయడానికి మొదటిది, వాటిని దూరాన ఉన్న శిష్యులకు వినిపించడానికి రెండోది.

"చూడండి హజ్రత్!" అంటూ గురువుగారిని చెయ్యి పట్టి లాక్కొచ్చినంత పని చేశాడు. "డిస్కుని సరిగ్గా సగానికి విడగొట్టాను. దేని తాళం దానిదే. ఒకదాని జోలికి ఇంకొకటి రాలేదు. వేలెడు చోటు కూడా వృథా పోలేదు!"

"మాషా అల్లా!" అన్నారు గురువు. మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నారు.

భార్య పోయాక హజ్రత్ పాడగా ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ గొంతు మొదట వణికింది. ఆ తర్వాత గదంతా నిండింది.

పాట అయ్యాక, "ఏదీ, రెండోదాంట్లోంచి వినిపించు బేటా" అన్నారాయన.

యూనుస్ కంప్యూటరు ఆపి, ఫ్రీబీఎస్‌డీ తెరిచాడు. పాట లేదు. మళ్ళీ లినక్స్ తెరిచాడు. ఉంది. నేరుగా దాటించే దారే లేదు. తాళాలు వేసిందీ తనే, డిస్కంతా నింపేసిందీ తనే.

"పెన్‌డ్రైవ్‌లో వేసి దాటించనా హజ్రత్?"

"ప్రతి పాటకీనా?"

యూనుస్ తల దించుకున్నాడు. గురువు లేచి, భోజనానికి గుడ్డ పరిచారు. తన రొట్టె తన ముందు, యూనుస్ రొట్టె యూనుస్ ముందు పెట్టారు. కూర గిన్నె మాత్రం మధ్యలో పెట్టారు.

గిన్నె వైపు సాగిన యూనుస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒక్క ఉదుటున లేచాడు.

"తిని వెళ్ళు బేటా!"

వినిపించుకుంటేగా! పాటని ముందు పెన్‌డ్రైవ్‌లో భద్రం చేశాడు. చేసిన పనంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అటు కొంత, ఇటు కొంత తగ్గించి, నడుమ తాళం లేని భాగం ఒకటి వదిలాడు. రెండూ చదవగలిగేలా, రెండూ రాయగలిగేలా.

సాయంత్రానికి హజ్రత్ పాట ఫ్రీబీఎస్‌డీలోంచి మోగింది. ఎక్కడెక్కడి శిష్యులో విన్నారు. ఫోన్లు మోగాయి. అవతల ఒకాయన ఏడుస్తున్నాడు.

"హజ్రత్, ఆ నడిమి భాగానికి ఏం పేరు పెట్టను?" యూనుస్ గొంతులో సంబరం ఆగడం లేదు.

ఆయన నవ్వారు.

"పేరెందుకు బేటా? తలుపు తెరిచే ఉందిగా."