గుట్ట మీద కాపలాకు మూడు బుట్టలు

అనగనగా ఒక అడవి. అక్కడి జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి. అందరూ దాచుకున్న వెదురు బియ్యం, ఇప్పపూలు వాగు ఒడ్డున ఒక గుహలో ఉండేవి. సభ ఒప్పుకుంటేనే గింజ బయటికొచ్చేది. సభలో చెంచయ్య అనే ముళ్ళపంది మాటకు తిరుగులేదు. అతను మహా పొదుపరి.

ఒకరోజు సూరమ్మ సభకు వచ్చింది. సూరమ్మ పెద్ద పెద్ద కళ్ళున్న దేవాంగపిల్లి.

"మేం ముగ్గురు దేవాంగపిల్లులం గుట్టెక్కి రాత్రంతా చుక్కల్ని గమనిస్తాం. తిండి వెతుక్కునే తీరిక ఉండదు. ఏడాదికి పది బుట్టలు ఇప్పించండి. ఆకాశం ఎంత అందమో మీకే తెలుసుగా!" అంది.

"అందం కడుపు నింపదు" అన్నాడు చెంచయ్య.

మరుసటి నెల మళ్ళీ వచ్చింది. "పక్క అడవివాళ్ళు అప్పుడే మొదలెట్టారు. మన పరువేం కాను?" అంది.

"పరువు కోసం పస్తులుండాలా?" అన్నాడు చెంచయ్య.

మూడోసారి సూరమ్మ సభకు పోలేదు. నేరుగా అతని బొరియకే వెళ్ళింది.

"బాబాయ్, నేను అడగడానికి రాలేదు. మీ భయమేమిటో చెప్పండి, వింటాను" అంది.

చెంచయ్య ఆమెను కూర్చోమన్నాడు. తర్వాత చెప్పాడు. "ఒక ఏడు వాగు చెప్పాపెట్టకుండా గుహదాకా పొంగింది. గుహలో సగం కొట్టుకుపోయింది. ఆ వేసవిలో రెండు జింకపిల్లలు ఆకలితో పోయాయి. నా కళ్ళముందే."

"వాగు ఎప్పుడు పొంగుతుందో చుక్కలు చెబుతాయా అంటే, నాకు తెలీదు బాబాయ్. మన అడవిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూస్తేనే తెలుస్తుంది" అంది సూరమ్మ.

తెలీదని ఒప్పుకున్నందుకు చెంచయ్యకు ఆమె మీద నమ్మకం కుదిరింది. "మూడు బుట్టలిస్తాం. ఏటా ఏం చూశారో సభకు చెప్పాలి" అన్నాడు.

మొదటి ఏడు ఏమీ తేలలేదు. సభ నవ్వింది. "విత్తిన రోజే కోతకు పోతామా?" అని చెంచయ్యే అడ్డుపడ్డాడు.

నాలుగో ఏడు సూరమ్మ చెప్పింది. "తెల్లవారుజామున తూర్పున గుంపుగా ఉండే పిల్లలకోడి చుక్కలు కనబడ్డ ఇరవై రోజుల్లో వాగు పొంగుతోంది. నాలుగేళ్ళూ ఇంతే."

ఐదో ఏడు ఆ చుక్కలు కనబడగానే బుట్టలన్నీ మిట్టకు చేర్చారు. పద్దెనిమిదో రోజున వాగు గుహను ముంచేసింది. ఒక్క గింజ కూడా తడవలేదు.

వరద తీశాక ఒక తెల్లవారుజామున చెంచయ్య ఆయాసపడుతూ గుట్టెక్కాడు. మొదటిసారి తలెత్తి చాలాసేపు చూశాడు.

"పిల్లలకోడి పక్కన ఎర్రగా ఉందే, అదేమిటమ్మాయ్? దాంతో మనకేమైనా పనుందా?"

"ఇంకా తెలీదు బాబాయ్."

"సరే, చూస్తూ ఉండండి" అన్నాడు చెంచయ్య.

నీతి: ఎదుటివారి భయాన్ని విన్నవారి మాటే వారి మనసుకెక్కుతుంది; ముందుచూపు కోసం పెట్టిన ఖర్చు కూడా పొదుపే.