గునపానికి తగిలిన గోడ

మఠంలోని పాత రాతి సత్రాన్ని కూల్చి, అదే చోట పర్యావరణానికి చేటు చేయని కొత్త సత్రం కట్టాలని కేదారలింగం పట్టుదల. చిన్నప్పుడు ఆ మఠంలోనే బసవయ్యస్వామి దగ్గర అక్షరాలు దిద్దినవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఓ పెద్ద ఆర్కిటెక్టుల సంస్థలో కార్బన్ లెక్కలు చూస్తాడు. ఏ భవనం వల్ల ఎంత పొగ గాలిలో కలుస్తుందో తేల్చడం అతని పని. ఈ సత్రం లెక్క నెగ్గితే చీఫ్ పదవి అతనిదే. మఠం కమిటీవాళ్ళు ఎప్పుడో తలలూపారు. ఇక స్వామి ఊ అనడమే తరువాయి.

పొద్దున్నే వచ్చి, లాప్‌టాప్ తెరిచి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. కప్పు మీద సోలార్ పలకలు, ఏసీ అక్కర్లేని గదులు.

"గాలికి ఇంత మసి కూడా అంటించని భవనం స్వామీ! మన సీమలో ఇదే మొదటిది."

స్వామి అడ్డు చెప్పలేదు. గునపం తెచ్చి చేతికిచ్చాడు.

"బాగుందప్పా. చేతిపని చేయందే ఈడ ఎవరికీ ప్రసాదం లేదని నీకు తెలుసు గదా. ఈ పూట నీ కాయకం ఇదే. ఆ పాత సత్రం గోడలో ఒక రాయి తీసి రా."

ఒక్క రాయే కదా అనుకున్నాడు కేదారలింగం. ఎంత పొడిచినా గానుగ సున్నం పట్టు వదల్లేదు. తాతల కాలంలో ఎద్దులు తిప్పి నూరిన సున్నం అది. అరచేతులు బొబ్బలెక్కాయి. పంతం కొద్దీ ఇంకా గట్టిగా పొడిచాడు. రాతి పెచ్చు లేచి మొహాన కొట్టిందే గానీ రాయి కదల్లేదు. ఏడుపొచ్చినంత పనైంది.

భోజనాల గంట మోగింది. స్వామి వచ్చాడు.

"రాయి రాలేదు స్వామీ."

"నీ లెక్కలో ఈ గోడ యాడుంది?"

కేదారలింగం గునపం కింద పెట్టాడు. "లేదు స్వామీ. కొత్త పునాది తవ్విన రోజు నుంచే మా లెక్క మొదలు. అప్పటికి ఇది ఖాళీ స్థలం. అందరూ అట్లే రాస్తారు."

"ఖాళీనా? మరి పొద్దుట్నుంచి నీ గునపం దేనికి తగుల్తాందప్పా?"

సిగ్గుతో అతని చెవులు మండాయి. కూల్చే యంత్రాల పొగా, ఈ రాళ్ళను పారబోసే లారీల పొగా, నిక్షేపంలా నిలబడ్డ ఈ గోడా, ఏదీ తన లెక్కలోకి రాలేదు.

ఫోన్ మోగింది. సంస్థ డైరెక్టర్.

"ఒప్పుకున్నాడా మీ స్వామి? రేపు జేసీబీ పంపిస్తున్నా."

"పంపకండి సార్. ఆ లెక్క మీద నేను సంతకం పెట్టను."

"పిచ్చి పట్టిందా? అయితే పదవి మాట మర్చిపో. అయినా అక్కడ ఏముందయ్యా? ఖాళీ స్థలమని నువ్వే రాశావు కదా!"

కేదారలింగం బొబ్బలెక్కిన చేతిని గోడకు ఆన్చాడు.

"తప్పు రాశాను. నమ్మకపోతే గునపం పట్టుకుని మీరే రండి సార్."